“మావాడు ఫస్టుక్లాసండీ!”

తెలుగింటి తండ్రికి తన కొడుకును తన నోట పొగడుకొను అలవాటు లేదు. ఎదుట పొగిడిన బిడ్డకు ఆయుక్షీణమని పెద్దలు చెప్పగా విన్నవాడగుటచేతను, గురువును ఎదుటనే స్తుతింపవచ్చుననియు, బంధుమిత్రులను పరోక్షమున మెచ్చవలెననియు, సేవకులను పని ముగిసిన పిమ్మట కొనియాడవలెననియు విధించిన సుభాషితము కొడుకుల వంతు వచ్చునప్పటికి ఎన్నడును వలదని తెగవేసి చెప్పుటచేతను, అతడు తన సంతోషమును మీసముల చాటుననో, పైపంచె మడతలలోననో దాచుకొనుచు వచ్చినాడు. ఇక తల్లి మాట చెప్పనక్కరలేదు. పిల్లవాడు ముద్దుగా ఉన్నాడని పొరుగమ్మ అనిన సాయంకాలమే ఉప్పును ఎండుమిరపకాయలును వాని చుట్టు త్రిప్పి నిప్పులలో వేసి, ఘాటు రాలేదు గనుక దిష్టి గట్టిగానే తగిలినదని నిర్ధారించుకొని గాని ఆమె పడుకొనదు.

ఇట్టి యింటి అరుగుమీదనే, వేసవి ముగియవచ్చిన దినములలో పట్టణమునుండి పత్రిక వచ్చిన నాడు, అట్టి తండ్రియే నలుగురు వినునట్లు “మావాడు ఫస్టుక్లాసండీ!” అని పలుకుట నా చిన్ననాట విన్నాను. ఆయన పలికిన రెండు మాటలకు వేరువేరుగా అర్థమేమని అడిగియున్నచో చెప్పగలిగియుండునో లేదో. ఆయన ఇంగ్లీషు తపాలా బంట్రోతు చూపిన చోట వ్రాలు చేయుట దగ్గర ఆరంభమై అచ్చటనే ముగిసినది. అయినను ఆ మాట పలుకునప్పుడు ఆయన కంఠమున సంకోచము లేదు. లోపలి గదిలోనుండి తల్లి వారించలేదు. వినినవారెవ్వరును ఇదేమి ఆత్మస్తుతి యని నొసలు ముడిచికొనలేదు. తరతరముల ఆచారము మూసియుంచిన నోటిని తెరచుటకు ఈ పరాయిమాటకు అధికారమెక్కడిది? ఈ ప్రశ్న నన్ను చాలకాలము వెంటాడినది. దాని పుట్టుపూర్వోత్తరములను వెదకికొనుచు పోగా అది నన్ను ఒకవైపు ఇంగ్లండులోని పురాతన విద్యాపీఠమునకును, మరియొకవైపు మన బందరు రేవునకును తీసికొని పోయినది.

మంచి కొడుకును వర్ణించుటకు మనకు మాటల కరవు ఎన్నడును లేదు. సత్పుత్రుడు, కులదీపకుడు, వంశోద్ధారకుడు అనునవి సంస్కృతమునుండి వచ్చి మన నోళ్లలో స్థిరపడినవి. బుద్ధిమంతుడు, అందివచ్చినవాడు, తండ్రిని మించినవాడు అనునవి ఇంటి మాటలు. కాని ఇవియన్నియు ఇతరులు పలుకదగినవి, తండ్రి వినదగినవి. సుమతీశతకకారుడు తండ్రి సంతోషమునకు ముహూర్తము నిర్ణయించుచు, బిడ్డ పుట్టిననాటి సంబరమును అందు లెక్కింపక, ఆ బిడ్డను లోకము గుర్తించి గౌరవించిన దినమునే అసలైన పండుగగా నిలిపినాడు. ఆ లోకము చిరకాలము చేరువలోనే ఉండెను. ఊరి పెద్దలు, గురువు, సంస్థానపు పండితసభ, ఇంతే దాని పరిధి. దసరా నవరాత్రులలో సంస్థానాధీశుల కొలువులలో శాస్త్రపరీక్షలు జరిగి, గెలిచినవారికి శాలువలును వార్షికములును లభించుచున్న కాలమున, పరీక్ష నిచ్చువాడును పరీక్షించువాడును ఒకే చాపమీద ఎదురెదురుగా కూర్చుండెడివారు. కొడుకు ఘనాంతము వేదము చెప్పి నెగ్గినాడని తెలియుటకు తండ్రి ఏ పత్రికకొరకును ఎదురుచూడవలసిన పని లేదు. సభ చివర ఒక స్తంభము నానుకొని నిలువబడి వినిన చాలును.

తురక దొరతనముతో మెప్పుమాటలలో మరియొక పొర చేరినది. శభాష్ అను మాట సంతోషముగా ఉండుమని అర్థమిచ్చు పారసీక పదబంధమునుండి వచ్చినది. భేష్ అను మాట అధికమను అర్థముగల పారసీక పదమే. అవ్వల్ దర్జా యనిన మొదటి తరగతి. వస్త్రములకును, భూములకును, మనుష్యులకును ఆ దర్జాను మనవారు నిస్సంకోచముగా అంటగట్టిరి. కచేరీలో ఏ భాష చెల్లుచున్నదో ఆ భాషలోనే మెప్పుకు విలువ హెచ్చుననుట మనకు ఇంగ్లీషువారు నేర్పిన పాఠము కాదు. వారు వచ్చునప్పటికే అది మనకు కంఠస్థము. అందుచేత ఫస్టుక్లాసు అను మాట తెలుగువాని నోట కాలుపెట్టిన నాడు దానికొక గది ముందే సిద్ధముగా ఉండెను. అవ్వల్ దర్జా ఖాళీ చేసిన గదిలోనే అది దిగినది.

ఇంగ్లండులో దాని జన్మ అంత ప్రాచీనమైనది కాదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము 1800లో తన పరీక్షావిధానమును సంస్కరించి, 1807లో ఉత్తీర్ణులను తరగతులుగా విభజించు పద్ధతిని నెలకొల్పినది. ప్రాచీన భాషలకు ఒక పట్టిక, గణితమునకు మరియొక పట్టిక. ఆ మరుసటి యేడు, అనగా 1808లో, రెండు పట్టికలయందును మొదటి తరగతిని సాధించి ‘డబుల్ ఫస్టు’ అను కీర్తిని మొట్టమొదట పొందిన యువకుడు రాబర్టు పీల్. అతడే తరువాత ఇంగ్లండుకు ప్రధానమంత్రి యైనాడు. 1831లో గ్లాడ్‌స్టన్ అదే ఘనతను పొంది, పిదప అదే పదవినధిష్ఠించినాడు. ఈ విధముగా ఫస్టుక్లాసు అను మాట పుట్టిన పాతికేండ్లలోనే పరిపాలకుని లక్షణములలో ఒకటిగా ఎన్నికకెక్కినది.

ఇచ్చట తెలుగువాడు ఒక్క క్షణము ఆగి చూడవలసిన విషయమొకటి కలదు. ఆ మొదటి డబుల్ ఫస్టు కుమారుని విద్యకు వెచ్చించిన ధనము ఎక్కడిది? పీల్ వంశమువారు లాంకషైరులో నూలుబట్టలమీద అద్దకము వేయించి కోటీశ్వరులైనవారు. ఇంగ్లండులో ఆ అద్దకపు పరిశ్రమయే మన తీరపు కలంకారీని చూచి, దానిని అనుకరించి ఎదిగినది. చోళమండల తీరమునుండి, ముఖ్యముగా మచిలీపట్టణమనబడు బందరునుండి ఎగుమతియైన పూలబట్టలను పదునేడవ శతాబ్దిలో ఐరోపావారు ఎంత ఎగబడి కొనిరనిన, అచ్చటి నేతగాండ్ర మొర విని ఇంగ్లండు పార్లమెంటు 1700లో అట్టి బట్టల దిగుమతిని నిషేధింపవలసివచ్చెను. 1721లో వాని ధారణనే నిషేధించుచు మరియొక చట్టము చేసెను. మన సరకు తొలగిన అంగడిలో వారి అద్దకము వృద్ధి పొందినది. యంత్రములు వచ్చిన పిదప ఆ బట్టయే తిరిగి మన రేవులలో దిగినది. బందరు కలంకారివాని కుమారుడు కుండలో కరక్కాయ రంగును ఆరబెట్టుకొని పనిలేక కూర్చుండిన దినములలో, వాని తాతల విద్యను అనుకరించి ధనికులైనవారి కుమారుడు ప్రథమశ్రేణి యను బిరుదమును ధరించెను. ఈ రెండింటిని పక్కపక్కన నిలిపి చూచినప్పుడు నా మనస్సు కలుక్కుమన్నది. ఆ నొప్పిని దాచుకొని ఈ చరిత్ర చెప్పజాలను.

ఆ బందరులోనే 1843లో రాబర్టు నోబిల్ అను క్రైస్తవ మతప్రచారకుడు ఇంగ్లీషు పాఠశాలను తెరచినాడు. వర్తకము సన్నగిల్లిన రేవుపట్టణమున పెద్దయిండ్ల పిల్లలు కొద్దిమందితో ఆరంభమైన ఆ బడి, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పొంగి దాదాపు 30,000 మందిని పొట్టబెట్టుకొనిన ఉప్పెన పిదపను నిలిచి, నోబిల్ కళాశాలగా పేరొందినది. రాజమహేంద్రవరమున 1853లోను, విజయనగరమున 1857లోను నెలకొనిన పాఠశాలలు కాలక్రమమున కళాశాలలైనవి. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలయు, గుంటూరులో క్రైస్తవ కళాశాలయు వాని వెనుక వచ్చినవి. బ్రతుకుతెరువునకు కలంకారి కలము పనికిరాని కాలమున ఇంగ్లీషు కలము చేతికి వచ్చినది. ఆకలిగొన్న ప్రాంతము దానిని గట్టిగా పట్టుకొనెననుటలో ఆశ్చర్యమేమున్నది?

చెన్నపురి విశ్వవిద్యాలయము 1857 సెప్టెంబరులో చట్టరూపమున అవతరించినది. దాని తొలి బి.ఏ. పట్టభద్రులిరువురును సింహళమునందలి జాఫ్నాకు చెందిన తమిళులు. తెలుగువారు తరువాత మెల్లమెల్లగా వచ్చి చేరినారు. మెట్రిక్యులేషన్, ఎఫ్.ఏ., బి.ఏ. అను మూడు మెట్లును, ప్రతి మెట్టునకును తరగతుల విభాగమును మన జిల్లాలలో గృహస్థుల సంభాషణలోనికి ఒక కొత్త నిఘంటువును దించినవి. రైలుబాట రాకపూర్వము గోదావరీ కృష్ణామండలముల విద్యార్థులు చెన్నపురికి పోవలెననిన పడవలే గతి. కాలువలవెంట పోయి బకింగుహాము కాలువలో ప్రవేశించి, అటుకుల మూటయు ఊరగాయ జాడీయు ఒడిలో పెట్టుకొని, దోమలమధ్య లాంతరు వెలుతురున మిల్టను పద్యములను వల్లెవేయుచు దినముల తరబడి ప్రయాణము చేసిన ఆ బాలురను తలచుకొనిన నాకిప్పటికిని గౌరవము కలుగును. తమ తండ్రులకు తెలియని భాషలో, తామెన్నడును చూడని దేశపు చరిత్రను, తామెన్నడును కలిసికొనబోని పరీక్షకునికి వారు విన్నవింపవలసియుండెను.

ఆ పరీక్షకుడే ఈ కథకు ఆయువుపట్టు. అతనికి అభ్యర్థి పేరు తెలియదు, గోత్రము తెలియదు, ఎవరి కొడుకో తెలియదు. అతని యెదుట ఉన్నది ఒక అంకె మాత్రమే. పత్రికలో పడునదియు ఆ అంకెయే. అందుచేతనే మనవారు పరీక్ష నెగ్గుటను “నంబరు పడింది” అనిరి. మొదటి తరగతివారి అంకెలు పైన కొద్దిగాను, రెండవ తరగతివారివి వాని క్రింద కొంచెమెక్కువగాను, మూడవ తరగతివారివి దిగువ గుంపుగాను అచ్చువేయబడిన ఆ పుటను, చదువు రానివారు సైతము చెంత చేరి, వ్రేలు పెట్టి వెదకించుకొనెడివారు. పేరులేని అంకెకు ఎవరో అపరిచితుడు కట్టిన విలువ గనుక అందులో పక్షపాతమునకు తావులేదని లోకము నమ్మినది. ఆ నమ్మికయే తండ్రి నోటికి స్వేచ్ఛ నిచ్చినది. “మావాడు బుద్ధిమంతుడు” అనినచో అది తండ్రి పొగడ్త, దోషము. “మావాడు ఫస్టుక్లాసు” అనినచో అది చెన్నపురి తీర్పు. తండ్రి చేసినది వార్త చెప్పుట మాత్రమే. పూర్వాచారము మీరకుండగనే పుత్రోత్సాహము వెలికి వచ్చుటకు దొరికిన సందు ఇదియే. పైగా ఆ మాట తెలుగు కాదు. ఇంటి మాటలతో పొగిడిన ఇంటి బిడ్డకు దిష్టి తగులును. ఎవరికిని పూర్తిగా తెలియని మాటకు దిష్టి ఎట్లు తగులును? ఈ రెండవ కారణమును ఏ తల్లియు పైకి చెప్పగా నేను వినలేదు గాని, ఫస్టుక్లాసు అని వినినప్పుడు వారి ముఖములలో కనిపించిన నిశ్చింతను చూచి ఊహించినాను.

మరియొక మార్గమునను ఈ మాట పల్లెలలో జొరబడినది. 1856లో చెన్నపురి రాయపురమునుండి మొదటి రైలు కదలినది. శతాబ్దాంతమునకు తూర్పుతీరపు బాట మన జిల్లాలను కలిపినది. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిమీది వంతెన తెరవబడినది. రైలుపెట్టెలమీద తరగతుల అంకెలుండెను. మొదటి తరగతిలో దొరలును జమీందారులును, మూడవదానిలో మూటలతోను పిల్లలతోను మిగిలిన దేశమంతయు. ఇంగ్లీషు అక్షరము రాని రైతుకు సైతము ఫస్టుక్లాసన నేమో కళ్లకు కట్టినట్లు తెలిసిపోయెను. మెత్తని దిండు, తెరలుగల కిటికీ, పరుగెత్తి తలుపు తీయు బంట్రోతు. కొడుకు ఫస్టుక్లాసు అనినప్పుడు ఆ రైతు మనస్సులో పరీక్షాపత్రము మెదలలేదు. ఆ పెట్టె మెదలినది. తన కొడుకు ఆ పెట్టెలో కూర్చుండును. తాను మూడవ తరగతిలో వెనుక వచ్చును. అంతకంటె అతడు కోరినదేమియు లేదు.

ఇంగ్లీషు మాటపట్ల తల్లిదండ్రులకు గల ఈ అమాయకమైన ఆదరమును గురజాడ అప్పారావుగారు చూచినంత నిశితముగా మరియొకరు చూడలేదు. ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో సమూలముగా పెంచి వ్రాయబడినది. అందు అగ్రహారమునకు వచ్చిన వెంకటేశమును గిరీశమును కలిసి ఇంగ్లీషులో మాటలాడి వినిపింపుడని తల్లి వెంకమ్మ బతిమాలుకొనును. వారు బడిపుస్తకములోని పొంతనలేని ముక్కలను వల్లించగా ఆమె కడుపు నిండిపోవును. పిల్లవాడు పరీక్ష తప్పినాడను సంగతి ప్రేక్షకునికి తెలియును; తల్లికి తెలియదు. ఆ ఘట్టమునకు నాటకశాల లెల్ల విరగబడి నవ్వినవి. నాకు మాత్రము వెంకమ్మను చూచి నవ్వు రాదు. ఆమె వినగోరినది భాష కాదు, కొడుకు భవిష్యత్తు. అది తనకు తెలియని శబ్దములలో ఉన్నదని ఆమెకు లోకము చెప్పినది. ఆమె నమ్మినది.

ఆ నమ్మకమునకు వెల కట్టుటకు లోకము ఆలస్యము చేయలేదు. ‘కన్యాశుల్కము’ నాటికి కొన్ని అగ్రహారములలో ఆడపిల్లకు వెల కట్టి వృద్ధులకిచ్చు దురాచారము సాగుచుండెను. అటుపిమ్మట ఒకటి రెండు తరములు గడచునప్పటికి త్రాసు అటునుండి ఇటు మొగ్గినది. కాళ్లకూరి నారాయణరావుగారు ‘వరవిక్రయము’ వ్రాయవలసివచ్చెను. 1939లో అది చలనచిత్రముగాను వచ్చినది. ఈ రెండు నాటకముల పేర్లను వరుసగా పలికిన చాలును, మన వివాహచరిత్రలో తలక్రిందైనదేమో తెలియును. ఈ మార్పునకు కారణములు పెక్కు. కాని పట్టము పుచ్చుకొనిన వరుడు తక్కువగను, అతనిని కోరు ఆడపిల్లల తండ్రులు ఎక్కువగను ఉండుట వానిలో ముఖ్యమైనది. ఫస్టుక్లాసు అను మాట పెండ్లిచూపుల తివాచీమీద కూర్చుండిన నాడు దానిలోని పవిత్రత కొంత హరించినది. అరుగుమీద తండ్రి కండ్లలో నీరు తెప్పించిన మాటయే మధ్యవర్తి నోట ధరవరల చీటీ యైనది. ఎందరో ఆడబిడ్డల తండ్రులు ఆ మాట వినిన పిదప మాన్యములను తాకట్టు పెట్టినారు. కొడుకును గూర్చిన గర్వము పరుల కూతురి కన్నీరుగా మారిన ఈ భాగమును తలచుకొనక ఈ మాటను ముద్దుచేయుట అన్యాయము.

ఆడబిడ్డకు ఈ పొగడ్త దక్కుటకు చాలకాలము పట్టినది. తెలుగింట పుట్టి, చెన్నపురి విశ్వవిద్యాలయమునుండి ఎం.ఏ. పట్టమునందిన తొలి స్త్రీగా పేరొంది, 1901లో స్త్రీలకొరకు ఇంగ్లీషు మాసపత్రికను స్థాపించిన కమలా సత్యనాథన్ వంటివారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ‘మా అమ్మాయి ఫస్టుక్లాసండీ’ అను వాక్యము మన అరుగులమీద వినవచ్చునప్పటికి ఆ అరుగులే కూలిపోవుచున్నవి. కులముల విషయమునను ఇంతే. ఈ మాట అగ్రహారములను, వకీళ్ల యిండ్లను, మోతుబరుల లోగిళ్లను దాటి వాడల మలుపు తిరుగుటకు పెక్కుమంది పాటుపడవలసివచ్చెను. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1910 మొదలు దళిత బాలబాలికలకు పాఠశాలలు పెట్టుట అట్టి పాటులలో స్మరింపదగినది. పలక పట్టుటయే వింతగా చూడబడిన ఇంటినుండి మొదటి తరగతి అంకె ఒకటి పత్రికలో పడిన నాడు ఆ తల్లి ఎట్లుండెనో నేను వర్ణింపలేను. ఫస్టుక్లాసు అను మాట తన యావద్గౌరవమును సార్థకము చేసికొనినది అట్టి యిండ్లలోనే యని మాత్రము నా దృఢవిశ్వాసము.

నైజాము రాష్ట్రమున ఈ మాట మరియొక త్రోవ త్రొక్కినది. 1887లో నెలకొనిన నిజాం కళాశాల చెన్నపురి విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండుటచే అచ్చటి విద్యార్థికిని ఫస్టుక్లాసు చెన్నపురినుండియే రావలసియుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా ఆరంభమైనప్పుడు, తెలంగాణపు తెలుగు కుర్రవాడు ఇంట తెలుగును, తరగతిలో ఉర్దూను, ఉద్యోగపు ఆశలో ఇంగ్లీషును మోయవలసినవాడాయెను. అందుచేత అచ్చటి పెద్దల నోట అవ్వల్ అను మాట కోస్తాలో కంటె చాల యెక్కువ కాలము బ్రతికినది.

కోస్తా, రాయలసీమ ప్రాంతములవారికి చెన్నపురి మీది ఆధారము 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థాపనముతో కొంత తీరినది. దానికి తొలి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారిని ఇచ్చట తలచుకొనక పోజాలను. చిత్తూరు చెంత కట్టమంచిలో 1880లో పుట్టి, చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదువుకొనుచున్న దినములలోనే తెలుగు కావ్యరచన పోటీకై ‘ముసలమ్మ మరణము’ వ్రాసి బహుమానమునంది, ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జికి పోయి సెంట్ జాన్సు కళాశాలలో చరిత్ర నభ్యసించి, అచ్చటి వక్తృత్వసభయైన యూనియనుకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికై, తిరిగివచ్చి ‘కవిత్వతత్త్వవిచారము’ వ్రాసి తెలుగు విమర్శకు కొత్తదారి తీసిన ఆయన జీవితమున ఇంగ్లీషు మెప్పును తెలుగు పనియు ఒకదానిని మరియొకటి త్రోసివేసికొనలేదు. ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో తన పదవినే వదలుకొనిన ఆత్మగౌరవము ఆ చదువునకు వన్నె తెచ్చినది. ఇట్టి కొడుకును గన్న నేల ఏ భాషలో గర్వపడినను తప్పు పట్టజాలము.

మాటల నడకయందు ఆసక్తిగలవారికి ఈ మాట వ్యాకరణము నొక్కసారి చూపవలెను. మొదట “ఫస్టుక్లాసులో ప్యాసయ్యాడు” అనిరి. అందు ఫస్టుక్లాసు ఒక చోటు, కుర్రవాడు దానిని చేరినవాడు. పిదప “ఫస్టుక్లాసులో” అను విభక్తి జారిపోయి “మావాడు ఫస్టుక్లాసు” అనిరి. అప్పుడది మనిషి గుణమైనది. ఆ తరువాత మనుష్యులను వదలి వస్తువులమీదికి దూకినది. కాఫీ ఫస్టుక్లాసు, వంకాయకూర ఫస్టుక్లాసు, గిత్తల జోడు ఫస్టుక్లాసు. తుదకు క్లాసును సైతము విడిచిపెట్టి “ఫస్టుగా ఉంది” అను అచ్చ తెలుగు క్రియావిశేషణముగా స్థిరపడినది. ఆక్స్‌ఫర్డు పండితులు 1807లో పేర్చిన పట్టిక మన పాకశాలలో తాలింపు వాసనకు కొలబద్ద యగునని ఎవ్వరూహింపగలరు? దాని తోబుట్టువైన థర్డుక్లాసు గతి మరియొకటి. పరీక్షలలో అత్యధికులు నెగ్గిన తరగతి అదే. రైళ్లలో అత్యధికులు కూర్చుండిన తరగతి అదే. గాంధీమహాత్ముడు కోరి ప్రయాణము చేసిన తరగతి అదే. అయినను మన నోట అది తిట్టైనది. 1974లో రైళ్లలో మూడవ తరగతిని రద్దుచేసిరి గాని, “థర్డుక్లాసు మనిషి” అను మాటను నేటికిని ఎవ్వరును రద్దుచేయలేదు.

ఫస్టుక్లాసు అను పొగడ్తకును ఇటీవల బలము తగ్గినది. నూటికి 60 మార్కులు వచ్చినవారందరును మొదటి తరగతివారే యగుటయు, అట్టివారి సంఖ్య సంవత్సర సంవత్సరమును పెరుగుటయు జరిగిన పిమ్మట డిస్టింక్షను, గోల్డుమెడలు, స్టేటు ఫస్టు, ర్యాంకు అని తండ్రులు పైపై మెట్లను వెదకికొనిరి. ఆ పిదప కొంతకాలము పదికి పదులు. భాష మాత్రము మారలేదు. పరాయి తీర్పరి ముద్ర పరాయి మాటలోనే ఉండవలెనను నియమము మారలేదు.

ఇంతదూరము వచ్చినతరువాత, ఇంట మిగిలిన మాటలలో ఒకదానిని గూర్చి చెప్పవలసియున్నది. “చేతికందివచ్చిన కొడుకు” అని తెలుగువారందురు. ఎదిగి, బరువులో భుజమిచ్చి, పిలిచిన పలుకు దూరములో నిలిచినవాడు అట్టివాడు. ఆ మాటలో చేయి ఉన్నది, అందుట ఉన్నది, వచ్చుట ఉన్నది. మూడును దగ్గరతనమునకు సంబంధించినవే. ఫస్టుక్లాసు కొడుకు సాధారణముగా చేతికి అందనంత దూరము పోయెడివాడు. మొదట చెన్నపురికి, తరువాత బొంబాయి ఢిల్లీలకు, ఇప్పుడు సముద్రముల ఆవలికి. అది అతని దోషము కాదు. ఆ మాటయే అతనిని పంపినది. అయితే, ఒకే యింటిలో ఒకడు ఫస్టుక్లాసుగాను మరియొకడు చేతికందివచ్చినవాడుగాను పెరిగినప్పుడు, రెండవవానికి లోకమున పత్రికలో పడు నంబరు లేకపోయెను. తెల్లవారకమునుపే కోడెలను విప్పుకొని పోయినవానిని, తండ్రికి పక్షవాతము వచ్చిన నాటినుండి నోటికి ముద్ద అందించినవానిని, నలుగురిలో ఏమని చెప్పుట? బుద్ధిమంతుడనిన అది ఓదార్పువలె వినవచ్చు కాలము దాపురించెను.

మా నాయనమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మొదటి తరగతిలో నెగ్గి ఉద్యోగమునకు పోయెను. అతని జాబులు నెలకొకటి వచ్చెడివి, డబ్బు తప్పక వచ్చెడిది. ఆయన ప్రసక్తి వచ్చినప్పుడెల్ల ఆమె “పెద్దాడు పస్టుకలాసు” అని ఒక్క మాటలో ముగించెడిది. అంతకు మించి చెప్పుటకు ఆమెకు తెలిసినది తక్కువ. చిన్నవాడు ఎఫ్.ఏ. మెట్టు చేరకయే బడి మాని సేద్యములో దిగెను. ఆయనను గూర్చి ఆమె ఎన్నడును నలుగురిలో మాటలాడలేదు. ఎదుట ఉన్న బిడ్డ గనుక పొగడరాదు గదా! ఒక యేడు, మృగశిర దాటిన పిదపను వానలు సరిగా కురియక, ఊరివారి మళ్లలో నారు పలుచబడగా మా చిన్నాన్న పోసిన నారుమడి మాత్రము చిలుకరెక్కవలె ఒత్తుగా లేచినది. నన్ను ఊతగా చేసికొని గట్టుమీదికి నడచి వచ్చిన నాయనమ్మ చాలసేపు దానివైపు చూచి, చీర చెంగు నోటికడ్డము పెట్టుకొని, నాకు మాత్రము వినునట్లు, “నారు పస్టుకలాసుగా వచ్చిందిరా” అన్నది. ఆవలి గట్టున చిన్నాన్న మడవ కట్టుచుండెను.